కార్టిసోల్ ఎక్కువన్న రిపోర్ట్ తర్వాత అమ్మకు చేయించిన రెండో యూరిన్ టెస్ట్

అమ్మకు 24 గంటల యూరిన్ కార్టిసోల్ పరీక్ష రెండు ల్యాబుల్లో చేయించాం. కార్టిసోల్ అంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్. నేను రాస్తున్నది రెండోదాని గురించి. వాళ్లది మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి, అంటే అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టేది. పరీక్షకి 5కి 5, సర్వీసుకి 3 ఇస్తాను.

ఏడాదిగా అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బుతూ వచ్చింది. చెయ్యి ఎక్కడ తగిలినా కమిలిపోయేది. కొత్తగా షుగర్ మొదలైంది. మొదటి ల్యాబ్ రిపోర్ట్‌లో కార్టిసోల్ ఉండాల్సినదానికి రెండింతలు ఉంది. కార్టిసోల్ తయారుచేయమని అడ్రినల్ గ్రంథులకు చెప్పే ఏసీటీహెచ్ అనే హార్మోన్ మాత్రం రక్తంలో బాగా తక్కువ. అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉండొచ్చు, స్కాన్ తీయాలన్నారు డాక్టరుగారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. స్కాన్‌కి ముందు ఈ పద్ధతిలో ఒకసారి చూద్దామన్నదీ ఆయనే.

ల్యాబ్ వాళ్లు ఒక పెద్ద డబ్బా, ఒక సూచనల కాగితం ఇచ్చారు. పొద్దున లేవగానే వచ్చే మొదటి యూరిన్ పారబోసి, ఆ టైమ్ రాసుకోవాలి. అప్పటినుంచి మర్నాడు అదే టైమ్‌కి వచ్చేదాకా, చివరిదాంతో సహా, ఒక్కసారి కూడా వదలకుండా డబ్బాలోకే పట్టాలి. కార్టిసోల్ తెల్లవారే వేళకు పెరిగి అర్ధరాత్రికి బాగా పడిపోతుంది కాబట్టి ఒక్కపూట శాంపిల్ చాలదు. నీళ్లు కూడా మామూలుగానే తాగమన్నారు. లీటర్లకు లీటర్లు తాగితే లెక్క పెరిగిపోతుందట.

మొదటి రోజు మధ్యాహ్నం అమ్మ అలవాటు కొద్దీ ఒకసారి బాత్రూంలోనే వెళ్లొచ్చేసింది. ఫోన్ చేస్తే, పారబోసి మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఎలాగూ క్రియాటినిన్ (రోజూ దాదాపు ఒకే మోతాదులో యూరిన్‌లోకి వచ్చే వ్యర్థం) కూడా కొలుస్తామని, శాంపిల్ బాగా తగ్గితే అందులో తెలిసిపోతుందని చెప్పారు. డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. "తినేవి పెట్టుకునే చోట అదేంటే!" అంది. బకెట్లో ఐస్ వేసి అందులో పెట్టాం. డబ్బా మూతి మరీ ఇరుకు. మోకాళ్లు వంగని మనిషికి అది చాలా కష్టం. ఒక మార్కు అక్కడే తీసేశాను.

మమ్మల్ని కాపాడింది మాత్రం వాళ్ల ఫోన్ కాల్. వాడుతున్న మందులన్నీ అడిగి, చివర్లో ఆ అమ్మాయి "మందు అని మీరు అనుకోనివి కూడా చెప్పండమ్మా. పూతలు, ఇన్‌హేలర్, కీళ్ల ఇంజెక్షన్లు, మూలికల గోళీలు" అంది. అప్పుడు అమ్మ మెల్లగా, మోకాళ్ల నొప్పులకి తెలిసినవాళ్లు తెచ్చిచ్చే క్యాప్సూళ్ల మాట చెప్పింది. డబ్బా మీద లేబుల్ లేదు. అవి మూలికలేనని అమ్మ నమ్మకం. మొదటి ల్యాబ్‌లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

రిపోర్ట్‌లో కార్టిసోల్ దాదాపు లేదు! ఉన్నది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు, దానితోపాటు శరీరంలో దాన్నుంచి తయారయ్యే ప్రెడ్నిసోన్.

నేను కెమిస్ట్రీ టీచర్‌ని. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. కార్టిసోల్ అణుభారం సుమారు 362, ప్రెడ్నిసొలోన్‌ది 360. రెండు హైడ్రోజన్లు తక్కువ, ఒక ద్విబంధం ఎక్కువ, అంతే తేడా. మొదటి ల్యాబ్‌ది ఇమ్యునో పద్ధతి. అందులో యాంటీబాడీ అణువు ఆకారాన్ని బట్టి పట్టుకుంటుంది. ఇంత దగ్గరి పోలిక ఉన్నప్పుడు ప్రెడ్నిసొలోన్‌ని కూడా కార్టిసోల్ కింద లెక్కేస్తుంది. రెండో ల్యాబ్ మెషిన్ అలా కాదు. యూరిన్‌లో ఉన్నవాటిని ముందు ఒక సన్న గొట్టంలో విడదీస్తుంది, ఒక్కోదాన్నీ తూస్తుంది, విరగ్గొట్టి ఆ ముక్కల్ని కూడా తూస్తుంది. 1931లో బుటెనాంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆండ్రోస్టెరోన్ అనే హార్మోన్‌ని వేరుచేయడానికి సుమారు 15,000 లీటర్ల మూత్రం వాడారు. చేతికొచ్చింది 15 మిల్లీగ్రాములు. ఇప్పుడు డబ్బాలోంచి కొద్ది చుక్కలు తీసుకుని ఏ స్టెరాయిడ్ ఎంతుందో చెబుతున్నారంటే నాకు ఒళ్లు పులకరించింది.

అంటే అమ్మకు గడ్డ లేదు. బయటినుంచి వస్తున్న స్టెరాయిడ్ వల్ల తన గ్రంథులే పని మానేశాయి. ఏసీటీహెచ్ తగ్గిందీ అందుకే. నేను ఆ క్యాప్సూళ్లు అప్పుడే పారేయబోయాను. డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు. ఒక్కసారిగా ఆపితే, సొంత కార్టిసోల్ లేని శరీరం కుప్పకూలిపోతుందట. కొలత తెలిసిన మాత్రలకు మార్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు.

రెండో మార్కు రిపోర్ట్ రాసిన తీరుకి తీశాను. పదకొండు రోజులకు వచ్చింది. అంత ముఖ్యమైన ప్రెడ్నిసొలోన్ మాట రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. డాక్టరుగారు వేలు పెట్టి చూపించేదాకా నా కంట పడలేదు. అది మొదటి పేజీలోనే వేయాలని వాళ్లకు రాశాను.

ఈ పరీక్షకి వెళ్లేవాళ్లు శాంపిల్ ఇచ్చేముందే ఏ పద్ధతిలో చేస్తారో అడగండి. ఇంట్లో లేబుల్ లేని మందు ఏదున్నా వెంట తీసుకెళ్లి చూపించండి.

అమ్మ ముఖం ఇప్పుడు పాత ఫొటోల్లోలా అవుతోంది. పోయిన నెల ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో తన సొంత కార్టిసోల్ మళ్లీ కనిపించింది. మోకాళ్ల నొప్పి మాత్రం అలాగే ఉంది. దానికిప్పుడు ఫిజియోథెరపీ చేయిస్తున్నాం.