బెజవాడలో గది ఎక్కడ, భోజనం ఎక్కడ

రైల్వే జంక్షను, ఆటోనగర్‌లో లారీ బాడీలు, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లు. చాలాకాలం బెజవాడకు సరుకు కోసమో రిపేరు కోసమో వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే పాత లాడ్జీలు స్టేషన్ చుట్టూ గాంధీనగర్, గవర్నర్‌పేటల్లో గుంపుగా ఉన్నాయి. 2014 తర్వాత రాజధాని హడావిడితో బందరు రోడ్డు, బెంజి సర్కిల్ వైపు ఖరీదైన హోటళ్లు పెరిగాయి. స్టార్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు రైలు పట్టాలకు ఏ పక్క పని ఉందో తేల్చుకోవాలి. పట్టాలతో పాటు ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరిని ముక్కలు చేశాయి. సాయంత్రం వంతెనల దగ్గర ఆటో కదలదు.

దుర్గమ్మ దర్శనమే పనైతే స్టేషన్‌లో పడమటి వైపు తారాపేట గుమ్మం గుండా బయటికి రావాలి. మెయిన్ గేటు నుంచి దిగితే చుట్టు తిరగాలి. ఆ పక్క భవానీపురంలో నది ఒడ్డున టూరిజం వాళ్ల హరిత బెరంపార్క్ ఉంది. కృష్ణ చూస్తూ కూర్చోడానికి దాన్ని మించింది లేదు. తిండికి మాత్రం చుట్టుపక్కల ఎంపిక తక్కువ, రాత్రి పొద్దుపోయాక ఆటోవాడు చెప్పిందే రేటు. భవానీ ద్వీపానికి పడవలు అక్కడి నుంచే వెళ్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎగువ నుంచి వరద వస్తే వాటిని ఆపేస్తారు, కాబట్టి ఆ నెలల్లో ద్వీపం మీద ఆశ పెట్టుకుని గది తీసుకోవద్దు.

తిండికి, బజారుకి, బస్సుకి గాంధీనగర్, గవర్నర్‌పేటలే వీలు. అక్కడ గది తీసుకునేటప్పుడు నాలుగు మాటలు అడగాలి. చెకౌట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండుకా? తెల్లవారుజామున మూడింటికి రైలు దిగేవాళ్లకి పన్నెండు లెక్కైతే తొమ్మిది గంటలు ఉన్నందుకే ఒక రోజు అద్దె పోతుంది. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానూ లైటూ మాత్రమేనా? వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా? గది ఏ అంతస్తులో? మే నెలలో పై అంతస్తు గది అసలు వద్దు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఏసీ ఎంత తిప్పినా గది చల్లబడదు. గది రోజుకు రూ.7,500 లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. చెప్పిన రేటులో అది కలిసిందో లేదో కూడా ముందే తేల్చుకోండి.

కొద్ది గంటల మజిలీకి స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు చాలు. కన్ఫర్మ్ అయిన టికెట్టో ఆర్‌ఏసీయో ఉంటే పీఎన్ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. వెయిటింగ్ లిస్టుకి ఇవ్వరు. దసరా పది రోజులూ, ముఖ్యంగా అమ్మవారు సరస్వతిగా కనిపించే మూలా నక్షత్రం నాడూ, దుర్గమ్మ భక్తులు పట్టే భవానీ దీక్షల విరమణప్పుడూ ఊళ్లో గది దొరకడం కష్టం, దొరికినా ధర వేరు. ఆ రోజుల్లో గుంటూరులో గది తీసుకుని రావడం తెలివైన పని. దూరం సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లే.

ఇక తిండి. పొద్దున గాంధీనగర్‌లో 1942 నుంచి ఉన్న బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ, పైన కారప్పొడి. తొందరగా వెళ్తే వేడివేడిగా వస్తుంది, ఆలస్యమైతే నిలబడి ఎదురుచూడాలి. సాయంత్రం బండి మీద పునుగులు. పిండి మరీ పులిస్తే, నూనె సరిగా కాగకపోతే పునుగు నూనె పీల్చేస్తుంది. బండి దగ్గర ఒక నిమిషం ఆగి చూడండి: మూకుట్లో వేయగానే బుస్సున పైకి తేలితే తినొచ్చు, అడుగున కూర్చుంటే ఇంకో బండి చూసుకోవాలి. అల్లం పచ్చడి అడిగి వేయించుకోండి.

మధ్యాహ్నం మెస్సుల్లో రెండు దాటాక వెళ్తే వేపుడు అయిపోయి, సాంబారు పలచబడి ఉంటుంది. పన్నెండున్నరకి కూర్చుంటేనే కందిపొడి, నెయ్యి, గోంగూరతో భోజనం సాగుతుంది. ఉలవచారు దొరికితే వదలొద్దు. ఉలవలు ఉడికించిన నీళ్లను గంటలకొద్దీ మరిగిస్తేనే ఆ నలుపూ చిక్కదనమూ వస్తాయి. చింతపండు పులుపే నాలుకకి ముందు తగిలిందంటే తొందరపడి దించేసిన సరుకు. మీగడ వేసుకుంటే మేలు.

ఉండవల్లి గుహలకు ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆటోలో వెళ్లొచ్చు. భారీ వాహనాలను దాని మీదికి రానివ్వరు కాబట్టి గుంటూరు బస్సు కనకదుర్గ వారధి మీదుగా పోతుంది. గుంటూరులో ఉండాలనుకుంటే అరండల్‌పేట, బ్రాడీపేటల్లో చూడండి. జనవరి నుంచి మే దాకా సీజన్లో మిర్చి యార్డు దగ్గర గది మాత్రం వద్దు. కిటికీ మూసినా ఘాటు లోపలికి వస్తుంది, అలవాటు లేనివాళ్లు రాత్రంతా దగ్గుతారు. యార్డు చూడాలంటే పొద్దున్నే, ముక్కుకి తడి గుడ్డ కట్టుకుని, బేరాలు జరిగే వేళకి వెళ్లి వచ్చేయండి.