నది ఈత పోటీకి సాధన ఎక్కడ మేలు: ఈతకొలనా, చెరువా, కాలువా, గోదావరా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వంటి ఊళ్ళలో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఒక్కసారైనా నది ఈత పోటీలో పాల్గొనాలని కోరుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న సాధన ఎక్కడ చేయాలన్నదే. నేను కృష్ణానదిలో, విజయవాడ ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఔత్సాహికుల కోసం జరిపిన పోటీలో ఈదాను. దానికి ముందు నా సాధన చాలా భాగం ఈతకొలనులోనూ, చివరి భాగం మా జిల్లాలోని ఒక చెరువులోనూ సాగింది. నదిలో సాధన చేయలేదు. ఆ క్రమం సరైనదేనని, వీలున్నవారు చెరువు పాలు ఇంకా పెంచుకోవాలని నా అభిప్రాయం. చోటు వెంట చోటు తీసుకుని కారణాలు చెబుతాను.

ఈతకొలను ఇచ్చేది కొలత. వంద మీటర్లకు ఎంత సమయం పడుతున్నదో, అలసిన తరువాత ఆ సమయం ఎంత పెరుగుతున్నదో అక్కడ తప్ప మరెక్కడా కచ్చితంగా తెలియదు. రెండు వైపులా శ్వాస తీసుకోవడం, మోచేయి ఎత్తి బార వేయడం, కాళ్ళు దిగజారకుండా నడుమును నీటి మట్టానికి నిలుపుకోవడం వంటివి శిక్షకుడు గట్టు మీద నిలబడి చూసి సరిదిద్దితేనే కుదురుతాయి. అయితే కొలను చెప్పే లెక్కలో కొంత పొగడ్త ఉంటుంది. 25 మీటర్ల కొలనులో కిలోమీటరు ఈదితే 39 సార్లు గోడను తన్ని వెనుదిరుగుతాము. తన్నిన ప్రతిసారీ మూడు మీటర్లు చేయి ఆడించకుండా జారిపోయినా, మొత్తం మీద వంద మీటర్లకు పైబడిన దూరం గోడ పుణ్యమే. అడుగున నల్లగీత కనిపిస్తుంటుంది కాబట్టి దిక్కు చూసుకునే పనే ఉండదు. వేసవి సెలవుల్లో పిల్లలతో నిండిపోయిన కొలనులో ఆగకుండా ఈదడం ఎలాగూ సాధ్యం కాదు.

మన ప్రాంతంలో వ్యవసాయ బావిలో ఈత నేర్చినవారు చాలామంది ఉన్నారు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని దిగినవారికి లోతు అంటే భయం చిన్నప్పుడే పోతుంది, అది నదిలో ఎంతో పనికివస్తుంది. దూరం మాత్రం బావి నేర్పదు.

చెరువు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నది పోటీలో ఔత్సాహికుణ్ణి ఇబ్బంది పెట్టే వాటిలో మూడు వంతులు చెరువులోనే ఎదురవుతాయి. మొదటిది దిక్కు. మన చెరువుల నీటిలో చాచిన చేయి కూడా కనిపించదు. గీత లేని నీటిలో ప్రతి ఈతగాడూ తెలియకుండానే ఏదో ఒక పక్కకు ఒరుగుతాడు. ఏడెనిమిది బారలకు ఒకసారి కళ్ళు మాత్రమే నీటిపైకి వచ్చేలా తల ఎత్తి, గురుతు చూసుకుని, ఆ ఊపులోనే పక్కకు తిప్పి శ్వాస తీసుకోవడం అలవాటు కావాలి. తల పూర్తిగా ఎత్తితే కాళ్ళు మునిగి వేగం పడిపోతుంది. నీటి మట్టం నుంచి చూసేవారికి చిన్న అల కూడా అడ్డమే, కాబట్టి పోటీ దారి చూపడానికి నీటి మీద తేల్చే పెద్ద గాలి బుడగను (బోయ్) గురుతుగా పెట్టుకోవడం కంటే దాని వెనుక ఒడ్డున ఉన్న తాటిచెట్టునో, గుట్టనో, గుడి గోపురాన్నో పట్టుకోవడం మేలు. కట్ట మీది తాడిని చూసి ఈదడం అలవాటైన కళ్ళకు కృష్ణ ఆవలి ఒడ్డున ఎత్తైన కట్టడాన్ని ఎంచుకోవడం కష్టం కాలేదు.

రెండవది గాలి. పొద్దెక్కి గాలి లేచాక శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీరు పలచబడే అంచు వైపు, నీరు ప్రశాంతంగా ఉన్నా, కట్ట దగ్గర రాతి కట్టడానికి కొట్టుకుని తిరిగివచ్చే అలలు నోట్లోకి నీళ్ళు తెస్తాయి. ఏ వైపు నుంచి అల వస్తున్నదో ఆ వైపు శ్వాస మానుకోవడం అప్పుడే తెలుస్తుంది. మూడవది మనసు. పట్టుకోవడానికి గోడ లేదన్న ఎరుక వచ్చిన క్షణంలో శ్వాస పొట్టిగా మారుతుంది. అప్పుడు వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ నిమిషం పాటు తేలి, మళ్ళీ మొదలుపెట్టడం ఒక విద్య. దానిని పోటీ రోజున కొత్తగా నేర్చుకోలేము.

అయితే చెరువు తనంతట తాను క్షేమకరమైనది కాదు. సాయంత్రం వేసిన వలలను మత్స్యకారులు తెల్లవారుజామున తీస్తారు, సరిగ్గా మనం దిగేదీ ఆ వేళకే. వలలో కాలు చిక్కితే ఎంత ఈత వచ్చినా ప్రయోజనం లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో మోకాటి లోతు నుంచి ఒక్కసారిగా నిలువు లోతుకు దిగే గుంతలు ఉండవచ్చు. గుర్రపు డెక్క, తామర తూళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. వానలు పడ్డాక పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీటితో ఎలుక జ్వరం భయం ఉంది కాబట్టి, కాలిన, కోసుకున్న గాయాలతో దిగకూడదు. అందువల్ల పంచాయతీకి, మత్స్య సహకార సంఘానికి ముందుగా చెప్పి, పుట్టి నడిపే ఒక మనిషిని వెంట ఉంచుకోవాలి. ఆయన ఉదయపు పనికి తగిన కూలి ఇవ్వడం న్యాయం. మా వెంట వచ్చిన పెద్దాయన మొదటి రోజే అన్న మాట, “సారూ, తూము దిక్కు పోకుండ్రి, నీళ్ళు గుంజుతయి.” తూము తెరిచి ఉన్నప్పుడు, మత్తడి (అలుగు) దుముకుతున్నప్పుడు ఆ దరికి పోకూడదన్న సంగతి ఏ ఈత పుస్తకం కన్నా ఆయనకే బాగా తెలుసు. నడుముకు కట్టుకునే నారింజ రంగు గాలి సంచి, అంటే టో ఫ్లోట్, తప్పనిసరి. అది బరువు కాదు, దూరానికి మనిషిని కనిపించేలా చేస్తుంది.

ఏ చెరువు అన్నది కూడా ఆలోచించాలి. పాకాల కాకతీయుల కాలపు మహత్తరమైన చెరువే గానీ అది అభయారణ్యంలో ఉంది, అక్కడ మొసళ్ళు ఉన్నాయి. ధర్మసాగరం నీరు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నుంచి వచ్చి నగర ప్రజల దాహం తీర్చేది కాబట్టి దానిని వదిలిపెట్టాలి. మురుగు కలిసే నగరపు చెరువులు ఆరోగ్యానికి మంచివి కావు. ఊరి పక్కన, వలల జాడ తెలిసిన, తామర లేని మధ్యరకం చెరువు చాలు.

కొందరు మిత్రులు కాలువను సూచిస్తారు. శ్రీరాంసాగర్ నుంచి కరీంనగర్ మీదుగా మన వైపు వచ్చే కాకతీయ కాలువలో నీరు పారుతున్నప్పుడు దిగితే ప్రవాహం అలవాటవుతుందన్నది వారి వాదన. దీనిని నేను గట్టిగా కాదంటాను. కాలువ గట్టులు ఏటవాలుగా, నాచు పట్టి జారుతుంటాయి. ప్రవాహం లాగుతుండగా వాటిని పట్టుకుని పైకి రావడం బలవంతుడికి కూడా అసాధ్యం కావచ్చు. దారిలో గేట్లు, వాగుల కింద నుంచి నీటిని దాటించే సొరంగాలు (సైఫన్లు) ఉంటాయి. అక్కడ నేర్చుకునేదేదీ ఆ ప్రమాదానికి తగినది కాదు.

ఇక గోదావరి. రామన్నగూడెం, మంగపేట, కాళేశ్వరం రేవులు మనకు దూరం కావు, నదిలో పోటీకి నదిలోనే సాధన చేయాలన్న మాటా వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వానకాలంలో వరద, ఎండాకాలంలో ఇసుక మేటల నడుమ చీలిన పాయలు; రెండింటి మధ్య నీరు నిలకడగా ఉండే నెలలు కొద్ది. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలిసే చోట రెండు వేగాలు ఢీకొని సుడులు పుడతాయి. బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన మట్టం మారిపోతుంది. పోటీ రోజున అడుగడుగునా పడవలు, రక్షక ఈతగాళ్ళు ఉంటారు. మామూలు ఆదివారం నాడు ఎవరూ ఉండరు.

అసలు, నది మాత్రమే నేర్పగలిగినది ప్రవాహం ఒక్కటే, దానిలోనూ చాలా భాగం లెక్కతో, ఒడ్డున నిలబడి చూసే చూపుతో అందుతుంది. వంద మీటర్లు రెండు నిమిషాల్లో ఈదే మనిషి కిలోమీటరు వెడల్పు నదిని నిశ్చలమైన నీటిలో 20 నిమిషాల్లో దాటుతాడు. నీరు సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున, అంటే దాదాపు అడుగు చొప్పున కదులుతున్నదనుకుందాం. ఆవలి ఒడ్డుకు నేరుగా ముఖం పెట్టి ఈదితే ఆ 20 నిమిషాల్లో 360 మీటర్లు దిగువకు కొట్టుకుపోతాడు. అక్కడి నుంచి ఎదురీదితే అతని వేగం సెకనుకు 53 సెంటీమీటర్లకు పడిపోతుంది కాబట్టి గమ్యం చేరడానికి మరో 11 నిమిషాలు కావాలి. అదే మనిషి మొదటి నుంచే ఎగువ వైపు ఇరవై డిగ్రీల పైచిలుకు ఒరిగి ఈదితే మొత్తం 21 నిమిషాలన్నరలో సరిగ్గా గమ్యం దగ్గర తేలుతాడు. బలం అంతే, సమయంలో తేడా పది నిమిషాలకు దగ్గర. అందుకే పోటీకి ముందు రోజు ఒడ్డున నిలబడి, తేలిపోతున్న ఆకునో పువ్వునో చూసి, అది పది అడుగుల దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదో లెక్కించుకోవాలి.

నది అంతటా వేగం ఒకటే కాదు. నడిమిన ఎక్కువ, ఒడ్డున తక్కువ. 2008లో బీజింగ్‌తో ఒలింపిక్స్‌లో చేరిన పది కిలోమీటర్ల ఈత 2024లో పారిస్‌లోని సేన్ నదిలో జరిగినప్పుడు, ఎదురీదే వేళ ప్రపంచ స్థాయి ఈతగాళ్ళు సైతం ఒడ్డు గోడను ఆనుకునే ఈదారు. కృష్ణలో బ్యారేజీ వల్ల ప్రవాహం మందంగానే ఉన్నా, ఇదే సూత్రం నాకు అక్షరాలా పనికివచ్చింది.

పోటీ మొదలైన క్షణంలో నలువైపులా చేతులు, కాళ్ళు తగులుతాయి. చెరువులో నలుగురైదుగురు మిత్రులు ఒకరినొకరు ఒరుసుకుంటూ ఈదితే ఇది కూడా అలవాటవుతుంది. కొలనులో గీతల మధ్య ఇది కుదరదు. ఎండ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంతర్జాతీయ నియమాల ప్రకారం నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటితే బహిరంగ జలాల పోటీ జరపకూడదు. మే నెలలో మన చెరువుల పై నీరు మధ్యాహ్నానికి కాగుతుంది కాబట్టి దూరపు సాధన తెల్లవారుజాముకే పరిమితం కావాలి.

నా లెక్క ప్రకారం మొదటిసారి పోటీకి వెళ్ళేవారు ఆగకుండా రెండు కిలోమీటర్లు ఈదగలిగేదాకా కొలనును వదలకూడదు. ఆ తరువాత పోటీ దాకా వారానికి ఒక్కరోజు కొలను, మిగిలిన రోజులు చెరువు. పుట్టి గానీ, తోడు గానీ దొరకనివారు కొలనులోనే ఉండి, కళ్ళెత్తి చూసే సాధనను అక్కడే చేసుకోవాలి. ఒంటరిగా చెరువులో దిగడం కంటే అది నూరు పాళ్ళు మేలు. గోదావరి ఒడ్డునే పుట్టి, తరతరాలుగా పడవ నడిపే ఇంటి పిల్లలకు మాత్రం నా మాట వర్తించదు. ఏ నెలలో ఏ పాయ ఎంత లోతో, ఏ గాలికి నీరు ఎటు లాగుతుందో తెలిసిన పెద్దలు పడవలో పక్కనే ఉంటారు కాబట్టి వారికి గోదావరే మేలు.