‘మ్యూజియం ఉద్యోగం గ్యారంటీ’ ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టకండి: హనుమకొండ, వరంగల్ డిగ్రీ విద్యార్థులకు జాగ్రత్త

2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు రావడం మన జిల్లాలకు గర్వం. ‘హెరిటేజ్ డిప్లొమా’, ‘ఆర్ట్ హిస్టరీ సర్టిఫికెట్’ అని ఆరు నెలల కోర్సులు అమ్ముకునేవాళ్ళకు మాత్రం అది సరుకు. హిస్టరీ, టూరిజం, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలకు వాళ్ళు చెప్పే మాట ఒక్కటే: కోర్సు కాగానే పురావస్తు శాఖలోనో మ్యూజియంలోనో క్యూరేటర్ (అక్కడి వస్తువుల బాధ్యత చూసే అధికారి) పోస్టు. పైసలు కట్టే ముందు ఈ మాట ఎక్కడ తప్పో చూడండి.

క్యూరేటర్ పోస్టుల నోటిఫికేషన్లు మామూలుగా పీజీ అడుగుతాయి. గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వే వాళ్ళ సంస్థ నడిపే రెండేళ్ళ పీజీ డిప్లొమాలో చేరాలన్నా ముందు పీజీ ఉండాల్సిందే. డిగ్రీతో నేరుగా పోగలిగేది ఎంఏకి: నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళాచరిత్ర, మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ), కన్జర్వేషన్ (పాత వస్తువుల సంరక్షణ) ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ పీజీ ఉంది. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఎప్పటినుంచో పేరున్నది. లెక్చరర్ కావాలంటే నెట్ పరీక్షలో విజువల్ ఆర్ట్ పేపర్ కిందనే కళాచరిత్ర వస్తుంది. ఈ దారుల్లో ఎక్కడా ఆరు నెలల ప్రైవేటు సర్టిఫికెట్ అర్హతగా లెక్కకు రాదు.

‘గవర్నమెంట్ రికగ్నైజ్డ్’ అని రాసి ఉంటే నంబరు అడగండి. చూపించేది సాధారణంగా సొసైటీ రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలకిచ్చే ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషన్, లేదంటే ఐఎస్ఓ కాగితం. అవి సంస్థ నమోదైందనో, దాని నిర్వహణ పద్ధతికి సర్టిఫికెట్ ఉందనో చెప్తాయి, పాఠం పనికొస్తుందని చెప్పవు. యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు చట్టంతో ఆ అధికారం పొందిన సంస్థలకే ఉంది. అందుకే వీళ్ళు తెలివిగా ‘డిగ్రీ’ అనే మాట వాడరు, ‘డిప్లొమా’ అంటారు. ‘యూనివర్సిటీతో టై-అప్’ అంటే ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కోర్సు పేరు కనపడాలి. దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఆ ఏడాదికి ఉందో లేదో చూడాలి.

అసలు పరీక్ష సిలబస్ దగ్గర. అజంతా నుంచి మొఘల్ దాకా పీపీటీలు, ఒక రామప్ప ట్రిప్పు, గ్రూప్ ఫొటో, ఇంతేనా? అయితే వద్దు. ఈ రంగంలో పని ఇచ్చేవాళ్ళు చూసేది ఒక శిల్పాన్ని నువ్వు కాగితం మీద ఎంత కచ్చితంగా పెట్టగలవన్నది. డెమో క్లాసులోనే ఆ సారును మూడు అడగండి.

ఒకటి, శక సంవత్సరం 1135 అంటే క్రీస్తు శకం ఎంత? 78 కలిపితే 1213, రామప్ప శాసనం కాలం. సంవత్సరం మొదలు చైత్రంలో కాబట్టి పుష్యం, మాఘంలో పడ్డ తేదీలకు చాలాసార్లు 79 కలపాలి. ఈ రెండో మాట కూడా చెప్తే మనిషికి విషయం తెలిసినట్టే.

రెండు, నాలుగు చేతుల విగ్రహంలో ఆయుధాలు ఏ వరుసలో రాయాలి? విగ్రహం కింది కుడిచేతి నుంచి ప్రదక్షిణంగా: పై కుడి, పై ఎడమ, కింది ఎడమ. కుడి అంటే దేవుడి కుడి, మనది కాదు. శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టే విష్ణువు రూపానికి పేరు. ఇక్కడ తిరగబడితే ఆ పేరే మారిపోతుంది, కేశవుడు ఇంకొకడవుతాడు. కొత్తగా రాసేవాళ్ళ రికార్డుల్లో సులువుగా దొర్లే తప్పు ఇది.

మూడు, అరిగిపోయిన శాసనాన్ని ఫొటో ఎప్పుడు తీయాలి? పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడ్డప్పుడు. మిట్టమధ్యాహ్నం అక్షరం లోతు తెలియదు. కొలత తెలియడానికి ఫొటోలో పెట్టే స్కేలును రాయి ఉన్న తలంలోనే పెట్టాలి, ముందుకు పెడితే కొలత తప్పుతుంది. ఫోన్ మరీ దగ్గరగా పెట్టి తీస్తే అంచులు వంగుతాయి. వెనక్కి జరిగి జూమ్ చేయాలి. ట్రైపాడ్‌కు పురావస్తు సర్వే అనుమతి ఉండాలి, దాని సంగతి ఎత్తని కోర్సు మిమ్మల్ని కోటలో సెక్యూరిటీతో గొడవలో పెడుతుంది.

ఇవి చెప్పగలిగే మనిషి దొరికితే ఫీజు సంగతి ఆలోచించొచ్చు. దొరక్కపోతే ఫీజు లేకుండానే మొదలుపెట్టొచ్చు. వరంగల్ కోటలో పడి ఉన్న శిల్పాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప, చేర్యాల నకాషీ పటాలు, పెంబర్తి ఇత్తడి పని: వీటిలోంచి ఇరవై ఎంచుకొని ఒక్కోదానికి ఒక పేజీ రాయండి. ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో. ఎక్కడుంది, ఏ పదార్థం, ఎక్కడ విరిగింది, ముందూ పక్కా ఫొటోలు. రాయి ఏదో తెలియకపోతే ‘నల్లరాయి, గుర్తించాలి’ అని రాయండి, అన్నిటికీ ‘గ్రానైట్’ అంటించకండి. రామప్పలో ఇసుకరాయి, గ్రానైట్, డోలరైట్ అనే నల్లరాయి మూడూ ఉన్నాయి మరి. ఇరవై పేజీల ఈ ఫైలు పీజీ ఇంటర్వ్యూలో చూపించడానికి పనికొస్తుంది. థియరీకి కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో ఉచిత పాఠాలున్నాయి.

ఇంకొకటి గట్టిగా. ‘యాంటిక్ వాల్యుయేషన్ ప్రాక్టికల్’ అని ఊళ్ళలో పాత విగ్రహాలు, నాణేలు సేకరించుకు రమ్మంటే వెంటనే బయటకు రండి. నూరేళ్ళు దాటిన పురావస్తువులను లైసెన్సు లేకుండా అమ్మే వ్యాపారం 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద నేరం. కేసు పడితే సర్టిఫికెట్ ఇచ్చినవాడు పక్కన నిలబడడు.

ఒరిజినల్ మెమోలు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. ఫీజు నగదుగా వద్దు. రశీదు మీద ‘రిజిస్ట్రేషన్’, ‘మెటీరియల్’ అని ముక్కలు చేస్తే తర్వాత వెనక్కి రాబట్టుకోవడం కష్టం. ‘కోర్సు ఫీజు’ అనే రాయించుకోండి, ప్లేస్‌మెంట్ హామీని కూడా కాగితం మీద పెట్టమనండి. చాలామంది ఇక్కడే మాట మారుస్తారు. ఇప్పటికే కట్టినవాళ్ళు ఫ్లెక్సీ ఫొటో, పాంప్లెట్, వాట్సాప్ మెసేజీలు, రశీదు భద్రంగా పెట్టుకొని ముందు రాతపూర్వకంగా డబ్బు వాపసు అడగండి. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కట్టిన మొత్తానికి అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.