గొలుసా, చక్రమా: ఏబ్రమ్స్, స్ట్రైకర్

ఏబ్రమ్స్ యుద్ధ ట్యాంకు, స్ట్రైకర్ సైనికులను మోసే కవచ వాహనం. రెండింటినీ తయారుచేసేది అమెరికాకు చెందిన జనరల్ డైనమిక్స్ ల్యాండ్ సిస్టమ్సే. పోలిక దాదాపు అక్కడితో సరి.

ఏబ్రమ్స్ 1980లో సైన్యంలో చేరింది. గొలుసు పట్టాలపై నడిచే ఈ ట్యాంకు కొత్త రకాలు 60 టన్నులు దాటాయి. 120 మిల్లీమీటర్ల ఫిరంగి, 1500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్. ఈ టర్బైన్ మహా తిండిపోతు: ట్యాంకు కదలకుండా నిలబడినా ఇంధనం తాగుతూనే ఉంటుంది. దూర ప్రయాణమైతే మహారాజులా ట్రెయిలర్ ఎక్కాల్సిందే.

స్ట్రైకర్‌ది మరో స్వభావం. ఎనిమిది చక్రాలు, ఇద్దరు సిబ్బంది, వెనుక తొమ్మిది మంది సైనికులు. రోడ్డుపై తనంతట తానే పరుగెడుతుంది. నేలను బట్టి టైర్లలో గాలిని డ్రైవర్ లోపల కూర్చునే పెంచుతాడు, తగ్గిస్తాడు. కవచమే పలుచన. ఇరాక్‌లో చుట్టూ ఇనుప కమ్మీల పంజరం బిగించారు. రాకెట్ గ్రెనేడ్ అసలు కవచం దాకా రాకుండా ఆపడానికి. దాంతో బండి వెడల్పు పెరిగి, ఇరుకు సందుల్లో మలుపు తిప్పడం కష్టమైంది.

ఎదురుగా శత్రు ట్యాంకులుంటే నా ఓటు ఏబ్రమ్స్‌కే. సైనికులను త్వరగా చేర్చాలంటే స్ట్రైకర్. లోతైన బురదలో మాత్రం చక్రాన్ని నమ్మను.