నార్త్ ఎండ్‌లో నాలుగేళ్లు: ఇటుక గోడను చూసి తీసుకున్న ఇల్లు

బోస్టన్ నార్త్ ఎండ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు మా మనసు దోచింది పడకగదిలోని ఇటుక గోడ. పూత లేకుండా వదిలేసిన పాత ఎర్ర ఇటుక, పక్కనే కొత్త కిచెన్. సేలం స్ట్రీట్ పక్క సందులో నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. అయినా అదే రోజు సంతకం పెట్టేశాం. కిటికీ కింద ఉన్న, గదిని వెచ్చబెట్టే ఇనప రేడియేటర్ వైపు సరిగా చూడనైనా లేదు.

నాలుగేళ్లయ్యాక ఈ ఇంటి గురించి ఏదైనా చెప్పాలంటే ముందు దాని గురించే చెప్పాలి.

బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్లు మరిగిస్తుంది. ఆవిరి ఒకే గొట్టం గుండా పైకి రేడియేటర్‌లోకి వస్తుంది. చల్లారి నీరై మళ్లీ అదే గొట్టంలో కిందికి పోవాలి. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. మొదటి జనవరిలో బయట మంచు, లోపల ఉక్కపోత. వేడి తగ్గుతుందని వాల్వ్ సగం కట్టేశాను. రాత్రి రెండింటికి గొట్టాన్ని సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. లేచి చూస్తే రేడియేటర్ పక్కనుంచి వేడినీళ్లు చిమ్ముతున్నాయి, చెక్క నేలంతా తడి.

బిల్డింగ్ చూసుకునే ఆఫీసుకు ఫోన్ చేస్తే, "పాత బిల్డింగ్ కదా, అలాగే ఉంటుంది. వాల్వ్ పూర్తిగా కట్టేయండి, మనిషిని పంపిస్తాం" అన్నారు. మూడు రోజులు ఎవరూ రాలేదు. చలికాలంలో అద్దె ఇంట్లో పగలు 68, రాత్రి 64 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదని మసాచుసెట్స్ నిబంధన. మా గదిలో 57. స్వెట్టర్ల మీద కోట్లు వేసుకుని పడుకున్నాం. ఆ కోపం నాకింకా పోలేదు.

నాలుగో రోజు కింది అంతస్తు పెద్దాయన తలుపు కొట్టారు. మా నీళ్లు వాళ్ల సీలింగ్‌లోకి దిగాయి కాబట్టి తిట్టడానికే వచ్చారనుకున్నాను. ఆయన చేతిలో రెండు పల్చటి చెక్క ముక్కలున్నాయి. రేడియేటర్‌కు గొట్టం లేని వైపు కాళ్ల కింద వాటిని దూర్చి, నీరు వెనక్కి పోయేలా దాన్ని గొట్టం వైపు వాల్చారు. "పూర్తిగా తెరువు, లేదంటే పూర్తిగా కట్టెయ్. సగంలో పెట్టకు. వేడెక్కితే కిటికీ తెరువు బాబూ" అన్నారు. అంతే, చప్పుడు పోయింది, నీళ్లు ఆగాయి.

ఆ పెద్దాయన నాన్నగారిది ఇటలీలో మోంటెఫల్చోనే అనే ఊరు. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లే 1919లో ఇక్కడ సెయింట్ ఆంథనీ పండుగ మొదలుపెట్టారు. ఆగస్టు చివర్లో విగ్రహాన్ని భుజాల మీద ఊరేగిస్తారు, జనం డాలర్ నోట్లు తెచ్చి రిబ్బన్లకు గుచ్చుతారు. ప్రతి ఏడూ ఆయన పక్కనే నిలబడి చూస్తాం.

ఆ చెక్క ముక్కలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇక మా ఆవిడ సంతోషం వేరే. పాత ఇంట్లో ఇడ్లీ పిండిని ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా చలికాలంలో పులిసేది కాదు. ఇక్కడ రేడియేటర్ పక్కన స్టూల్ మీద గిన్నె పెడితే తెల్లారేసరికి మూత నెట్టుకుని పొంగుతుంది. ఫిబ్రవరిలో కూడా పెరుగు గడ్డగా తోడుకుంటుంది. శుక్ర, శనివారాల్లో హేమార్కెట్ నుంచి కూరగాయలు మోసుకొస్తే వారమంతా వంటకు లోటుండదు.

ఇటుక గోడ అందంగానే ఉంది. అయితే అది బయటి గోడ, చలికాలంలో చెయ్యి ఆనిస్తే మంచుగడ్డే. ఇటుకల మధ్య సున్నం పొడిపొడిగా దిండు మీద రాలుతుంటే రెండో ఏడే మంచం అవతలి వైపు జరిపాం.

మేమిద్దరమే, కారు లేదు, ఆఫీసు నడిచి వెళ్లేంత దూరం. అందుకే మాకు సరిపోయింది. నిరుడు అమ్మానాన్న వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పులతో అమ్మ వారానికి రెండుసార్లు దిగితే గొప్ప. చంటిపిల్లలున్నవాళ్లకూ ఈ మెట్లు కష్టమే. మీరు ఇక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్తే చలికాలంలో వెళ్లండి, రేడియేటర్ ఏ వైపు వాలి ఉందో చూడండి.

సెప్టెంబర్ 1న లీజు మళ్లీ రాశాం, ఒక్క ఏడాదికే. అమ్మ మళ్లీ వచ్చేలోపు లిఫ్ట్ ఉన్న ఇల్లు వెతకాలి.