ఎన్టీఆర్ శతజయంతి నాణెం: పనితనం బాగుంది, తెలుగు అక్షరమే లేదు

ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన ఈ వంద రూపాయల నాణెం గురించి కొనేవాళ్లు ముందుగా అడిగేది ఇందులో వెండి ఎంత అని. సరిగ్గా సగం. 35 గ్రాముల బరువులో 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. అసలు వెండి 17.5 గ్రాములన్నమాట. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీన్ని విడుదల చేసినప్పుడు గ్రాము వెండి డెబ్బై రూపాయల పైచిలుకు ఉండేది. ఆ లెక్కన లోపలి లోహం విలువ పదమూడు వందల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడు అమ్మకానికి పెట్టిన ధరలు మాత్రం చెక్క పెట్టెతో 4,850, ప్రూఫ్ (అద్దంలా మెరిసే ప్రత్యేక ముద్రణ) ఫోల్డర్ ప్యాక్ 4,380, యూఎన్‌సీ (మామూలు ముద్రణ) ఫోల్డర్ ప్యాక్ 4,050 రూపాయలు. వెండి మీద పొదుపు చేద్దామనుకునేవాళ్లకు ఇది తగిన వస్తువు కాదు. వాళ్లు ఆ డబ్బుతో వెండి బిళ్ల కొనుక్కోవడం మేలు. రామారావు గారి మీద అభిమానంతోనో, నాణేల సేకరణ కోసమో కొనేవాళ్లయితే కింది సంగతులు చూసుకుని కొనండి.

మీద వంద రూపాయలని ఉన్నా ఇది చలామణీకి వదిలిన నాణెం కాదు, బ్యాంకు కౌంటర్లో చిల్లరగా దొరకదు. కేంద్ర ఆర్థిక శాఖ నోటిఫై చేస్తే హైదరాబాద్ టంకశాల ముద్రించింది. తొలి విడతగా 12 వేలు తయారయ్యాయి. ఈ టంకశాల 1803లో నిజాం కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాద్ భవనంలోకి, 1997లో చర్లపల్లికి మారింది. అభిమాన నాయకుడి బొమ్మ మన ఊళ్లోనే అచ్చయిందన్న తృప్తి చాలామందికి ఉంది, ఉండాలి కూడా.

ప్రూఫ్ తీసుకోవాలా, యూఎన్‌సీ చాలా? రెండింటిలో లోహం ఒకటే, బరువు ఒకటే. తేడా అంతా ముద్రణలో ఉంది. యూఎన్‌సీ అంటే వాడకంలోకి వెళ్లని, చేతులు మారని నాణెం, అంతే. ప్రూఫ్‌కి ఇంకా బొమ్మ పడని ఖాళీ బిళ్లనూ మెరుగుపెడతారు, బొమ్మ చెక్కిన అచ్చును, అంటే డైనీ మెరుగుపెడతారు, ఒక్క దెబ్బతో సరిపెట్టకుండా ఎక్కువ ఒత్తిడితో మళ్లీ మళ్లీ కొడతారు. డైలో బొమ్మ పడే భాగాన్ని మాత్రం గరుకుగా చేస్తారు. అందుకే నేపథ్యం అద్దంలా నల్లగా మెరుస్తుంది, ముఖం మంచు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. వెలుతురులో నాణేన్ని నెమ్మదిగా వంచి చూస్తే ఈ రెండూ తారుమారవుతాయి. ముఖచిత్రం ఉన్న నాణేనికి ఈ తేడా చాలా ముఖ్యం. రెండు ఫోల్డర్ల మధ్య ఉన్నది 330 రూపాయలే కాబట్టి ప్రూఫే తీసుకోమని చెబుతాం. చెక్క పెట్టెకు అదనంగా పెట్టే 470 నాణేనికి ఏమీ కలపదు. బహుమతిగా ఇవ్వడానికైతే సరే.

44 మిల్లీమీటర్ల నాణెం కొట్టడం చిన్న పని కాదు. ఒకవైపు ముఖం ఎత్తుగా లేవాలి, సరిగ్గా దాని వెనక మూడు సింహాల శిరస్సూ లేవాలి. రెండు వైపులా ఎత్తు ప్రాంతాలు మధ్యలోనే పడటంతో ఒకే చోటి లోహం రెండింటికీ సరిపోవాలి. పైగా రాగి, నికెల్ కలిసిన ఈ మిశ్రమం మేలిమి వెండి కంటే గట్టిది. బిళ్ల సరిగా కాలి మెత్తబడకపోయినా, ఒత్తిడి చాలకపోయినా లోహం డై మూలల్లోకి పారదు. ఆ లోపం మొదట జుట్టు పాయల్లో, చెవి అంచున, వెనకవైపు సింహాల జూలులో బయటపడుతుంది. కొనేముందు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఈ మూడు చోట్లూ చూడండి. జూలు పాయలు విడివిడిగా కనిపిస్తే ముద్రణ నిండుగా పడినట్టు.

చేతులు మారిన నాణెం కొంటుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. పాలిష్ చేసిన రాగి-నికెల్ నకళ్లు ఎవరి మీది స్మారక నాణేలకైనా వస్తూనే ఉంటాయి. 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా, వ్యాసం కొలిచే వెర్నియర్ ఉంటే చాలు. బరువు 35, వ్యాసం 44 ఉండాలి. అంచు మీద 200 గీతలు వరస తప్పకుండా, లోతు మారకుండా ఉండాలి. పోత పోసిన నకలు ఇక్కడే దొరికిపోతుంది, దాని గీతల మధ్య పూడుకుపోయి కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకోకూడదు. ఇందులో నికెల్ ఉన్నా అది 5 శాతమే, అది కూడా మిశ్రమంలో కలిసిపోయి ఉంటుంది. ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు కూడా చూడండి. హైదరాబాద్ గుర్తు చిన్న నక్షత్రం. ముంబైది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తే ఉండదు.

ఇవన్నీ సరిపోయినా అనుమానం తీరకపోతే నీటి పరీక్ష ఉంది. కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, సన్నని దారంతో నాణేన్ని నీటిలో పూర్తిగా ముంచండి. గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకూడదు. ఈ మిశ్రమం సాంద్రత సుమారు 9.5 కాబట్టి కాటా 3.67 గ్రాముల దగ్గర నిలవాలి. రాగి-నికెల్ నకలు అదే బరువులో ఉంటే 3.9 పైన చూపిస్తుంది. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, స్వేదనజలమే వాడండి. ఇది యూఎన్‌సీకే చేయండి. సీలు తీయని ప్రూఫ్‌ని దయచేసి నీళ్లలో ముంచకండి.

దాచుకోవడంలో జరిగే నష్టం కొనడంలో జరిగే నష్టం కంటే ఎక్కువ. నలభై శాతం రాగి ఉంది కదా, తేమ, చెమట తగిలితే మేలిమి వెండి కంటే త్వరగా గోధుమ రంగు తిరుగుతుంది. ప్రూఫ్ అద్దం మీద వేలిముద్ర పడితే నెలల్లో అది లోహంలోకి దిగి శాశ్వతంగా ఉండిపోతుంది. పట్టుకోవాల్సి వస్తే నూలు తొడుగులు వేసుకుని అంచులనే పట్టుకోండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. వాటిలోంచి కారే పదార్థం రాగితో కలిసి ఆకుపచ్చ జిగురవుతుంది. రబ్బరు బ్యాండు, ఉన్ని, కొన్ని రకాల చెక్క, జిగుర్లు గంధకపు ఆవిరి వదిలి నల్లబరుస్తాయి. చెక్క పెట్టె కొన్నా నాణేన్ని గట్టి యాక్రిలిక్ క్యాప్సూల్‌లో ఉంచి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టి, ఏడాదికోసారి మార్చండి. వెండి సామాన్లకు వాడే పొడి, చింతపండు, టూత్‌పేస్టు దీని దగ్గరికి రానివ్వకండి. ఒక్కసారి రుద్దితే అద్దం మెరుపు పోయినట్టే, మళ్లీ రాదు. నాణేన్ని కోయడం, కరిగించడం నాణేల చట్టం 2011 కింద నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

ఇన్ని మంచి మాటలు చెప్పాక మనసుకు బాగా కష్టం కలిగించిన విషయం చెప్పాలి. బొమ్మ ఉన్న వైపు నందమూరి తారక రామారావు శతజయంతి అని హిందీలో ఉంది, 1923–2023 అని ఉంది. తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. తెలుగువారి ఆత్మగౌరవం అంటూ 1982లో పార్టీ పెట్టి, దాని పేరులోనే భాషను నిలిపిన మనిషి ఆయన. నియమం ఒప్పుకోదనడానికి వీల్లేదు. 2009లో తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి అణ్ణాదురై శతజయంతి నాణెం మీద ఆయన సంతకం తమిళంలోనే ఉంది. 2024లో వచ్చిన కరుణానిధి వంద రూపాయల నాణెం మీద ‘తమిళ్ వెల్లుం’ (తమిళం గెలుస్తుంది) అని తమిళ లిపిలో వేశారు. అడిగితే వీలవుతుందన్నమాట. ఎన్టీఆర్ చేవ్రాలు తెలుగులో ముఖం కింద ఉండి ఉంటే ఈ నాణెం అందం, అర్థం రెండూ పెరిగేవి.

రెండో లోటు కూడా అణ్ణాదురై నాణెమే చూపిస్తుంది. ఆయనకు వంద రూపాయల నాణెంతో పాటు చలామణీలో తిరిగే అయిదు రూపాయల నాణెమూ వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో మొదటి స్మారక నాణెమైన 1964 నాటి నెహ్రూ నాణెం కూడా రూపాయి, అర్ధరూపాయి బిళ్లలుగా జనం చేతుల్లో తిరిగింది. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిన ముఖ్యమంత్రి బొమ్మ నాలుగు వేలు పెట్టగలిగినవాళ్ల బీరువాల్లోనే ఉండిపోకూడదు. శతజయంతి ఏడాది దాటిపోయినా ఆయన పేరు మీద మరో నాణేనికి ప్రతిపాదన పంపే సందర్భం వస్తే, అది అయిదు రూపాయలదో పది రూపాయలదో కావాలని, దాని మీద ఆయన సంతకం తెలుగులో ఉండాలని ఆ కాగితంలోనే రాయాలి.