17, 19, 20: పిల్లలతో మ్యూనిక్ నుంచి స్టాక్‌హోం దాకా

ఈ వేసవిలో మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, ప్రాగ్, స్టాక్‌హోం తిరిగొచ్చాం. నాతో ముగ్గురు పిల్లలు. మా అమ్మాయికి 17, కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుక్కి 19, టెక్సస్‌లో పుట్టి పెరిగిన మా తమ్ముడి కూతురికి 20. నేను మందు ముట్టను. పిల్లలు ముడతామంటే ఏం చెయ్యాలన్న దానిమీద బయల్దేరకముందే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ నడిచింది. అక్క "చుక్క కూడా వద్దు" అంది. తమ్ముడు "అక్కడి చట్టం ఒప్పుకుంటే వాళ్లిష్టం" అన్నాడు. మా ఆయన బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఎవరి మాటకు పెట్టారో ఇప్పటికీ తేలలేదు.

తీరా వెళ్లాక అర్థమైందేమిటంటే, వయసు నిబంధనలు మా గ్లాసుల కన్నా మా పడకల్నీ భోజనాల్నీ ఎక్కువగా శాసించాయి. వేర్వేరు వయసుల పిల్లలతో యూరప్ వెళ్లేవాళ్లు హోటళ్లు బుక్ చేసేముందే ఈ లెక్కలు చూసుకోవడం మంచిది.

ముందు మన సంగతి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 21 నిండితేనే మందు అమ్మాలి. కానీ మా వాడు కాకినాడ కుర్రాడు. "పిన్నీ, యానాంలో 18కే ఇస్తారు" అన్నాడు. నిజమే. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ 18. బస్సెక్కి గంటలోపు వెళితే వయసు మూడేళ్లు పెరిగినట్టే. దేశం దాటితే చట్టం మారుతుందన్నది వాడికి వింతేం కాదు.

మా మేనకోడలిది ఇంకో కథ. అమెరికాలో 70ల్లో చాలా రాష్ట్రాలు తాగే వయసును 18కో 19కో తగ్గించాయి. తర్వాత కుర్రాళ్ల రోడ్డు ప్రమాదాల మీద గొడవ మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం చట్టం తెచ్చి, 21 పెట్టని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో కోత పెడతామంది. 1988కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. అక్కడ 20 ఏళ్ల పిల్ల ఓటు వెయ్యొచ్చు, సైన్యంలో చేరొచ్చు, బారులో బీరు మాత్రం అడగకూడదు. టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. కన్నవాళ్లు పక్కనే ఉండి చూస్తుంటే 21 నిండనివాళ్లు తాగినా చట్టం ఒప్పుకుంటుంది. ఆ మాట మా మేనకోడలు మ్యూనిక్‌లో బయటపెట్టేదాకా పాతికేళ్లుగా డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడికే తెలీదు.

మ్యూనిక్ స్టేషన్ వెనక వీధిలో ఒక హాస్టల్లో దిగాం. ఆ ఊళ్లో చాలా హాస్టళ్లు 18 నిండనివాళ్లను డార్మిటరీలో ఉండనివ్వవు. కన్నవాళ్లతో వస్తే విడి గది తీసుకోవాలి. అందుకని నేనూ మా అమ్మాయీ ఒక గదిలో, మిగతా ఇద్దరూ డార్మ్‌లో. చోటు బాగానే ఉంది, స్నానాల గదులు శుభ్రం, రైలు దిగి నడిచి వెళ్లొచ్చు. కిందే బారు. అర్ధరాత్రి దాటినా పాటలు ఆగవు. వీధి వైపు కాకుండా వెనకవైపు గది అడిగి తీసుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా పర్లేదనుకుంటే నాయ్‌హౌజెన్ అనే పేట వైపు దిగడం మేలు.

ఆ బారు గోడ మీద యువజన రక్షణ చట్టం అతికించి ఉంది. జనాన్ని పోగేసే ప్రతి చోటా అది అందరికీ కనిపించేలా పెట్టాలట. 16 నిండితే బీరు, వైన్. 18 నిండితే విస్కీ, రమ్ములాంటివి, అవి కలిపిన కాక్‌టెయిళ్లు కూడా. అమ్మో నాన్నో పక్కనుంటే 14కే బీరు, వైన్. ఈ ఆఖరి మినహాయింపును ఎత్తెయ్యాలని అక్కడి ఆరోగ్య శాఖలవాళ్లు గట్టిగా అంటున్నారు, వాదన నడుస్తోంది. డిస్కోల్లో 16, 17 వాళ్లు రాత్రి 12కల్లా బయటికి రావాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితంతో పెద్దవాళ్లెవరైనా తోడుంటే ఆ తర్వాతా ఉండొచ్చు. రిసెప్షన్ కుర్రాడు ఈ సంగతి చెప్పి, "మీ పాపకి వాళ్ల వదిన తోడుంటుందిగా" అని సలహా కూడా ఇచ్చాడు. నేను సంతకం పెట్టలేదు. మా అమ్మాయి మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం మాట్లాడించింది హిర్ష్‌గార్టెన్. మ్యూనిక్ బీర్ గార్డెన్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 8,000 మంది కూర్చునేంత పెద్దది. పక్కనే కంచెలో జింకలు, పిల్లలాడుకునే చోటు. పెద్ద చెట్ల కింద పొడుగు బల్లలు, ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. సెల్ఫ్ సర్వీస్ బల్లల దగ్గర మన తిండి మనం తెచ్చుకోవచ్చు, తాగేవి మాత్రం అక్కడే కొనాలి. నేను హాస్టల్ వంటింట్లో చేసిన పులిహోర డబ్బా తీశాను. ఎదుటి ముసలాయన వాళ్లావిడతో కలిసి ముల్లంగి సన్నగా తరుక్కుంటున్నాడు. ఆయన ముల్లంగి మాకిచ్చాడు, మేం పులిహోర ఇచ్చాం. శాకాహారులకి అక్కడ కొదవ లేదు. ప్రెట్జెల్, దాంట్లోకి ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్ద, కేజె స్పెట్స్‌లే అనే చీజ్ నూడుల్స్ తింటే కడుపు నిండుతుంది.

మా మేనకోడలు కౌంటర్ దగ్గరికి డ్రైవింగ్ లైసెన్స్ చేత్తో పట్టుకుని వెళ్లింది. జీవితంలో మొదటిసారి బీరు అడుగుతోంది కదా, మొహంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది. పోసేవాడు లైసెన్స్ వైపు చూడనైనా చూడలేదు. లీటరు మగ్గు నింపి, మగ్గుకి డిపాజిట్ తీసుకుని, తర్వాతి వాళ్లని పిలిచాడు. అది తిరిగొచ్చి, "ఇంతేనా అత్తా?" అంది కొంచెం నిరాశగా. సగం కూడా తాగలేకపోయింది, మిగతాది మా వాడు అందుకున్నాడు. అక్కకి నేను చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. మా అమ్మాయికి చట్టం అడ్డు లేదు, నేనూ వద్దనలేదు. అది కోలా, ఆరెంజ్ కలిపిన స్పెట్సి తెచ్చుకుంది. "అందరూ తాగొచ్చంటే నాకెందుకో తాగబుద్ధి కావట్లేదు" అంది. రేపు ఇంకోలా అనొచ్చు, నేను దాన్ని పట్టుకుని పాఠాలు చెప్పదలుచుకోలేదు.

తాగనివాళ్లకి జర్మనీలో ఒక చిక్కుంది. హోటల్లో నీళ్లు ఊరికే ఇవ్వరు, సీసా కొనాలి. అయితే మెనూలో మద్యం లేని పానీయం కనీసం ఒక్కటైనా, అన్నిటికన్నా చవకైన మద్యం కన్నా ఎక్కువ ధర ఉండకూడదని అక్కడ నిబంధన ఉంది. యాపిల్ జ్యూస్ చట్టమంటారు దాన్ని. ఖరీదైన చోట కూర్చున్నప్పుడు మెనూలో ఆ ఒక్కటీ ఏదో వెతుక్కోండి, నాకు చాలాసార్లు పనికొచ్చింది.

బీరుకి చూడనివాళ్లు గట్టి సరుకుకి చూస్తారు. మా వాడు వాళ్ల బాబాయికని సూపర్ మార్కెట్లో యేగర్‌మైస్టర్ సీసా తీశాడు. కౌంటర్లో అమ్మాయి ఐడీ అడిగింది. వీడు ఫోన్లో పాస్‌పోర్ట్ ఫోటో చూపించాడు, కుదరదంది. పర్సులోంచి ఆధార్ తీశాడు. పుట్టిన తేదీ అంకెల్లో ఉంది కదా అని వీడి వాదన. ఆవిడ ఆ కార్డుని రెండువైపులా తిప్పి చూసి, నవ్వి, తిరిగిచ్చేసింది. హాస్టల్‌కొచ్చి అసలు పాస్‌పోర్ట్ పట్టుకెళ్లాక గానీ ఇవ్వలేదు. ఈ సీసా సంగతి గుర్తుపెట్టుకోండి.

సెప్టెంబర్లో మ్యూనిక్ బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆరేళ్లలోపు పిల్లలు రాత్రి 8 తర్వాత బీరు టెంట్లలో ఉండకూడదు.

మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కి బయర్న్ టికెట్ అనే ఆ రాష్ట్రపు రోజువారీ రైలు టికెట్ చెల్లుతుంది, సరిహద్దు దాటినా ఇంకో టికెట్ అక్కర్లేదు. గుంపుగా వెళితే చాలా చవక. ఆస్ట్రియాలో ఇంతకుముందు రాష్ట్రానికో రూలు ఉండేది, 2019 నుంచి అంతటా ఒకటే: బీరు, వైన్‌కి 16, గట్టి సరుకుకి 18. ఊరు అందంగా ఉంది, గదులు బాగా ఖరీదు, ఒక్క రాత్రికి మించి ఉండక్కర్లేదు. ముల్న్ అనే పేట దగ్గర అగస్టీనియన్ సన్యాసులు 1621లో పెట్టిన బ్రూవరీ ఉంది. అక్కడ రాతి మగ్గు మనమే అరలోంచి తీసుకుని, మనమే కడుక్కుని, పోయించుకోవాలి. తిండి కొట్లన్నీ ఒక నడవాలో వరసగా ఉంటాయి. చంటిపిల్లల బండ్లు, పేకాడే తాతలు, ఎవరి గొడవ వాళ్లది.

ప్రాగ్‌కి వచ్చేసరికి గాలి మారింది. చెక్ రిపబ్లిక్‌లో ఏదైనా 18 నిండాకే. చట్టం జర్మనీకన్నా గట్టిది, వీధులు మాత్రం బాగా వదులు. పాతబస్తీ చౌరస్తా చుట్టూ రాత్రయ్యేసరికి ఒకేరకం టీషర్టులు వేసుకున్న పెళ్లికొడుకు బ్యాచీలు, అరుపులు. ఊరివాళ్లు విసిగిపోయి, 2024లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా గైడ్లు డబ్బు తీసుకుని గుంపుల్ని బారు నుంచి బారుకి తిప్పే టూర్లను నిషేధించారు. అయినా పాతబస్తీలో గది తీసుకోవద్దనే నా సలహా. మేం వినోహ్రాడీ అనే పేటలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ట్రాము దగ్గర, కిటికీ తెరిచి పడుకున్నా చప్పుడు లేదు, ట్రిప్ మొత్తంలో మంచి నిద్ర అక్కడే పట్టింది. మొదట ఒక హాస్టల్ బుక్ చేస్తే, మా అమ్మాయి వయసు చూసి వాళ్లే రద్దు చేశారు. డబ్బు వెనక్కి రావడానికి నెలపైనే పట్టింది. సైట్‌లో ఎక్కడో చిన్నక్షరాల్లో 18 అని ఉంటుంది, వెతికి చదవండి.

రీగ్రోవీ సాడీ అనే పార్కు ఆ పేటలోనే ఉంది. గడ్డి మీద కూర్చుంటే కోట వెనక సూర్యుడు దిగడం కనిపిస్తుంది. పక్కనే బీరు తోట. మా అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు బీరు అడక్కుండానే, "నీకు కోఫోలా" అని తేల్చేశాడు అమ్మేవాడు. కోఫోలా కమ్యూనిస్టుల కాలంలో కోకాకోలాకి పోటీగా తయారుచేసిన పానీయం, కొన్ని చోట్ల బీరులాగే పంపులోంచి పోస్తారు. కాస్త మందుమొక్కల వాసన. మా ముగ్గురికీ నచ్చింది, టెక్సస్ పిల్లకి నచ్చలేదు. మామూలు పబ్బుల్లో ఒక అలవాటు తెలుసుకోవాలి. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండా ఇంకోటి తెచ్చిపెట్టి, బల్ల మీది కాగితంపై గీత గీసి పోతారు. చాలనుకుంటే గ్లాసు మీద అట్టముక్క పెట్టాలి. సర్వీసు చురుగ్గా ఉంటుంది, నవ్వులేవీ ఆశించొద్దు. శాకాహారులకి వేయించిన చీజ్, బంగాళాదుంప తప్ప పెద్దగా ఏమీ దొరకదు.

స్టాక్‌హోం ఫ్లైట్ ముందురోజు రాత్రి ఆ సీసా సంగతి తేలాల్సి వచ్చింది. స్వీడన్‌లోకి మద్యం తీసుకెళ్లాలంటే 20 నిండాలి. మా వాడికి 19. సీసా వాళ్ల వదిన పెట్టెలోకి మారింది.

స్వీడన్ లెక్క పిల్లలకి భలే సరదాగా ఉంది. బారులో కూర్చుంటే 18కే పోస్తారు. ఇంటికి కొనుక్కెళ్లాలంటే మూడున్నర శాతం లోపు బీరు తప్ప మిగతావి దాదాపు అన్నీ సిస్టెంబొలాగెట్ అనే ప్రభుత్వ దుకాణంలోనే, అదీ 20 నిండాకే. శనివారం మధ్యాహ్నం 3కి మూస్తారు, ఆదివారం సెలవు. అంటే మా వాడు బారులో ఖరీదుపెట్టి తాగొచ్చు, చవగ్గా కొనుక్కోకూడదు. వాళ్ల వదిన కొని వాడికిస్తే అది నేరం. పక్కవాడికోసం కొంటున్నారని అనుమానం వచ్చినా అమ్మరు. దుకాణం లోపల మన వైన్ షాపుల ఇనుప చువ్వలు, తోపులాట ఏమీ లేవు. లైబ్రరీలాగా అరలు, ఓపిగ్గా చెప్పే మనుషులు. ఏ ఆఫర్లూ ఉండవు. ఇక రాత్రి క్లబ్బులు చాలావరకు సొంతంగా 20, 23, 25 అని వయసు పెట్టుకుంటాయి. గుమ్మం దగ్గర నిలబడ్డవాడి మాటే చట్టం. మా వాడినీ వాళ్ల వదిననీ ఒకచోట వెనక్కి పంపారు. మా మేనకోడలు "ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టుంది అత్తా" అంది.

అదే ఊళ్లో చిన్న వయసు లాభం కూడా చేసింది. 20 లోపు వాళ్లకి మెట్రో, బస్సు టికెట్ తక్కువ, కాబట్టి మా వాడికీ మా అమ్మాయికీ కలిసొచ్చింది. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయిన ఓడను పెట్టిన వాసా మ్యూజియంలో 18 ఏళ్ల దాకా టికెట్ లేదు. ఎక్కడ కూర్చున్నా కుళాయి నీళ్లు ఊరికే తెచ్చిస్తారు, మ్యూనిక్ తర్వాత అది పెద్ద ఊరట. హాస్టల్ అన్నిటికన్నా శుభ్రం, నిశ్శబ్దం. కానీ దుప్పట్లకీ తువ్వాళ్లకీ విడిగా డబ్బు తీసుకున్నారు. నగదు దాదాపు ఎక్కడా తీసుకోరు, కార్డు లేకుండా వెళ్లొద్దు.

కుర్రాళ్లతో వెళ్లేవాళ్లు నన్నడిగితే ఎక్కువ రోజులు మ్యూనిక్‌లో ఉండమంటాను. తాగేవాళ్లూ తాగనివాళ్లూ ఒకే బల్ల దగ్గర ఇబ్బంది లేకుండా గంటలు గడిపింది అక్కడే. ప్రాగ్‌కి అందరూ 18 దాటాక వెళ్లినా నష్టం లేదు. 18 నిండని పిల్లతో తల్లి ఒక్కత్తే వెళ్తుంటే తండ్రి ఒప్పుకున్నట్టు నోటరీ కాగితం వీసాకి ఎలాగూ కావాలి, దాని కాపీ బ్యాగులోనే ఉంచుకోండి. చెకిన్లలో కూడా అడిగారు.

తిరుగు ప్రయాణంలో సీసా మళ్లీ సమస్యైంది. మా మేనకోడలు డాలస్ వెళ్తోంది, అమెరికాలోకి 21 లోపు వాళ్లు మందు తీసుకెళ్లకూడదు. మా వాడు హైదరాబాద్‌లో దిగితే మళ్లీ 21 రూలు. మా అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు. చివరికి మందు ముట్టని నా పెట్టెలో, చీరల మధ్య దాన్ని సర్దాను. ఇండియాలోకి 2 లీటర్ల దాకా సుంకం లేదు. శంషాబాద్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. ఇల్లు చేరాక మా ఆయనే దాన్ని చూసి, "ఇదెవరికి?" అని మూడుసార్లు అడిగారు.